కోరలు చూపని డ్రాక్యులా

ఇప్పటి దయ్యానికి ఓపిక లేదు. పేర్లు పడటం పూర్తి కాకముందే తెర మీదికి దూకుతుంది. దూకబోయే ముందు రెండు క్షణాలు హాలంతా నిశ్శబ్దం చేస్తారు, ఆ వెంటనే నాలుగు గోడల స్పీకర్లూ ఒక్కసారిగా మోగిస్తారు. పక్క సీట్లో కుర్రాడు ఎగిరిపడతాడు, పకపకా నవ్వుతాడు, మళ్లీ పాప్‌కార్న్ డబ్బాలో చెయ్యి పెడతాడు. రోడ్డు మీద లారీ టైరు పేలినా అంతే ఉలిక్కిపడతాం. దానికి డబ్బిచ్చి టికెట్ కొనుక్కోనక్కర్లేదు. ఇంటికెళ్లాక ఆ సినిమాలో దయ్యం మొహం ఎలా ఉందో ఆ కుర్రాణ్ణి అడగండి, చెప్పలేడు. అరవై ఏళ్ల కిందట డ్రాక్యులాగా చూసిన క్రిస్టఫర్ లీ మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ కళ్లలోని ఎర్ర జీరలతో సహా.

మా రోజుల్లో మా ఊళ్లో ఇంగ్లీషు సినిమా అంటే ఆదివారం ఉదయం ఆటే. మామూలు ఆటలన్నీ తెలుగు సినిమాలవి. ఉదయం ఒక్క ఆట మాత్రం ఎక్కడెక్కడో తిరిగి తిరిగి గీతలు పడ్డ ఇంగ్లీషు ప్రింటుకి వదిలేవారు. రీలు తెగితే ఈలలు, అతికించి మళ్లీ మొదలుపెడితే చప్పట్లు. కింద తెలుగులో మాటలు వేసే ఏర్పాటేమీ లేదు. హాల్లో ఉన్నవాళ్లలో ఇంగ్లీషు సంభాషణ పూర్తిగా అర్థమయ్యేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అయినా కోట తలుపు తెరుచుకోగానే నేల టికెట్ వాడి దగ్గర్నించి బాల్కనీలో ప్లీడరు గారి దాకా అందరూ బిగుసుకుపోయేవారు. బయటికొస్తే మిట్టమధ్యాహ్నపు ఎండ. రక్తపిశాచిని బూడిద చేసే ఎండ. ఆ ఎండలో నడిచి ఇంటికెళుతూ కూడా వెనక్కి తిరిగి చూసుకునేవాళ్లం.

ఎందుకంత భయపడ్డామో చాలాకాలం ఆలోచించాను. నాకు తోచిన జవాబు ఒకటే. ఆ సినిమాల్లో భయపెట్టింది మనిషి. రంగులూ, యంత్రాలూ, మంటలూ కాదు. ఎదురుగా నిలబడ్డ మనిషి, తాను చేస్తున్న పని మీద పూర్తి నమ్మకంతో నిలబడ్డ నటుడు. అతను నమ్మాడు కాబట్టి మనం నమ్మాం.

బేలా లుగోసీనే తీసుకోండి. 1882లో అప్పటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో లుగోష్ అనే ఊళ్లో పుట్టాడు. ఇప్పుడది రొమేనియాలో ఉంది. హంగరీలో రంగస్థలం మీద పేరు తెచ్చుకున్నాడు, నటుల సంఘం కోసం పనిచేశాడు, 1919లో రాజకీయాలు తలకిందులైతే దేశం విడిచి పారిపోయాడు. అమెరికా చేరేనాటికి ఇంగ్లీషు రాదు. 1927లో న్యూయార్క్ బ్రాడ్వేలో డ్రాక్యులా నాటకం ఆడాడు. యూనివర్సల్ వాళ్లు అదే కథను టాడ్ బ్రౌనింగ్ దర్శకత్వంలో సినిమా తీస్తామన్నప్పుడు ఆ వేషం కోసం ఈయన తాపత్రయపడ్డాడు. వారానికి 500 డాలర్లు, ఏడు వారాల పని. ఇంత తక్కువకు ఒప్పుకున్నాడా అని తర్వాత అందరూ ఆశ్చర్యపోయారు. 1931 ఫిబ్రవరిలో సినిమా విడుదలైంది. ఇప్పటికి తొంభై ఏళ్లు దాటింది. డ్రాక్యులా వేషం కట్టమంటే ఈనాటికీ ఏ దేశంలో పిల్లాడైనా నల్ల కోటు భుజాన వేసుకుని, జుట్టు వెనక్కి దువ్వి, ఒక్కో మాటా సాగదీసి పలుకుతాడు. లుగోసీ పేరు వాడికి తెలియదు, కానీ వాడు కట్టేది లుగోసీ వేషమే.

ఆ సినిమాలో లుగోసీ నోట్లో కోరలు కనబడవు. మెడ మీద పళ్లు దిగడం కూడా చూపించరు. ఈ కాలం వాళ్లకు చెబితే నమ్మరు. కోట మెట్ల మీద చేతిలో కొవ్వొత్తితో నిలబడి, వచ్చిన అతిథికి సాదరంగా స్వాగతం చెబుతాడు. ముందు తాను పైకి నడుస్తాడు. దారికి అడ్డంగా పెద్ద సాలెగూడు. మరుక్షణం చూస్తే ఆయన గూటికి అవతలున్నాడు, ఒక్క పోగు తెగలేదు. వెనకాలే వస్తున్న ఆ అతిథి రెన్‌ఫీల్డ్ మాత్రం చేతికర్రతో ఆ గూడు చింపుకుని రావాల్సి వచ్చింది. ఇందులో ఏ మాయాజాలమూ లేదు. రెండు షాట్లు కలిపి అతికించారు, అంతే. దానితోనే వీడు మనిషి కాడని మనకు తెలిసిపోయింది. కెమెరా పట్టిన కార్ల్ ఫ్రాయిండ్ సన్నటి దీపపు కిరణాలు రెండు సరిగ్గా లుగోసీ కళ్ల మీద పడేట్టు ఏర్పాటు చేశాడు. మొహమంతా నీడలో ఉండి కళ్లు మాత్రం వెలుగుతాయి. ఇప్పుడైతే ఆ కళ్లను కంప్యూటర్లో పసుపురంగు చేసి, నల్లగుడ్డు గుండ్రంగా తిప్పి, పొగలు కూడా వదులుతారు. చూసేవాడికి ఇక ఊహించుకోడానికి ఏమీ మిగలదు.

నటుడి విలువ తెలియాలంటే అదే స్టూడియోలో జరిగిన ఇంకో సంగతి చెప్పాలి. పగలు బ్రౌనింగ్ బృందం పనిచేసి వెళ్లిపోయాక, రాత్రిపూట అవే సెట్లలో జార్జ్ మెల్ఫర్డ్ దర్శకత్వంలో స్పానిష్ భాషలో ఇంకో డ్రాక్యులా తీశారు. డబ్బింగ్ సరిగా కుదరని తొలినాళ్ల పద్ధతి అది. ఆ రాత్రి బృందం తీసిన సినిమాలో కెమెరా హాయిగా కదులుతుంది, దృశ్యాల కూర్పు కూడా మెరుగ్గా ఉంటుంది. సినిమా తెలిసినవాళ్లు చాలామంది అదే మంచి చిత్రమంటారు, నేను కాదనను. కానీ అందులో డ్రాక్యులా కార్లోస్ విల్లారియాస్. పాపం, శ్రద్ధగానే చేశాడు. తెర మీద ఆయనున్నంతసేపు ఒక నటుడు దయ్యం వేషం వేశాడనిపిస్తుంది. లుగోసీ ఉన్నంతసేపు అలా అనిపించదు. సెట్టు అదే, కోటా అదే, కథా అదే. తేడా మనిషిలో ఉంది.

ఇంకోటి, ఆ 1931 సినిమాలో నిశ్శబ్దం. మాటలొచ్చిన కొత్త. దృశ్యాల వెనక సంగీతం పెట్టే అలవాటు ఇంకా స్థిరపడలేదు. పేర్లు పడేటప్పుడు చైకోవ్‌స్కీ హంసల సరస్సు బాణీ కొంచెం వినిపిస్తుంది, తర్వాత దాదాపు ఏమీ లేదు. తలుపు కిర్రుమంటుంది. తోడేలు అరుస్తుంది. ఓడ అడుగున రెన్‌ఫీల్డ్ వేషం వేసిన డ్వైట్ ఫ్రై నవ్వే ఆ పిచ్చి నవ్వు వినిపిస్తుంది. 1998లో ఫిలిప్ గ్లాస్ అనే పెద్ద సంగీతకారుడు దీనికి కొత్తగా సంగీతం కూర్చాడు. చక్కటి సంగీతమే, విడిగా వింటాను. సినిమా చూసేటప్పుడు మాత్రం నాకు వద్దు. ఆ మౌనంలో నా ఊపిరి నాకు వినబడాలి.

అంతకు ముందు మూకీల కాలంలోనే జర్మనీలో ముర్నావ్ తీసిన నోస్ఫెరాటు ఉంది, 1922 నాటిది. బ్రామ్ స్టోకర్ 1897లో రాసిన నవలనే హక్కులు కొనకుండా, పేర్లు మార్చి తీశారు. స్టోకర్ భార్య ఫ్లోరెన్స్ కోర్టుకెళ్లింది. ప్రింట్లన్నీ ధ్వంసం చేయాలని 1925లో తీర్పొచ్చింది. అప్పటికే విదేశాలకు చేరిన ప్రతులు కొన్ని బతకబట్టి అందులో రక్తపిశాచి వేషం వేసిన మాక్స్ ష్రెక్ ఇవాళ మన కంటికి కనబడుతున్నాడు. బట్టతల, ఎలుక పళ్లు, పొడుగాటి గోళ్లు. మెట్లెక్కుతూ పోయే ఆ నీడ సంగతి వేరే చెప్పక్కర్లేదు, ఇప్పటికి ఎంతమంది దాన్ని ఎత్తుకెళ్లి వాడుకున్నారో. ఎండ సోకితే రక్తపిశాచి చచ్చిపోవడం కూడా ఈ సినిమాతోనే వచ్చింది. స్టోకర్ నవలలో డ్రాక్యులా పగటిపూట లండన్ వీధుల్లో తిరుగుతాడు. ఇవాళ రక్తపిశాచి పేరెత్తితే అందరూ మొదట చెప్పే లక్షణం, ఒకప్పుడు కోర్టు తగలబెట్టమన్న సినిమా ఇచ్చింది.

స్టోకర్ పెట్టిన నియమం ఒకటి నాకు చాలా ఇష్టం. ఇంట్లోవాళ్లు ఎవరైనా మొదటిసారి లోపలికి రమ్మని పిలిస్తేనే వాడు గుమ్మం దాటగలడు. ఒకప్పుడు మన ఊళ్లలో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్నవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. గడప దగ్గర దయ్యానికీ మనిషికీ ఒక ఒప్పందం ఉంటుందని మనకూ తెలుసు. ఇప్పటి సినిమాల్లో దయ్యానికి గడప అనేదే లేదు. కిటికీ, గోడ, ఫోను తెర, ఎక్కడినుంచి పడితే అక్కడినుంచి వస్తుంది. నియమం లేని శత్రువు ముందు మనిషి చేయగలిగేదేమీ ఉండదు, చూసేవాడు ఉత్కంఠపడేదీ ఉండదు.

ఇక నా లీ, నా కుషింగ్. వీళ్ల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

లండన్‌కి పడమర, థేమ్స్ నది ఒడ్డున బ్రే స్టూడియో. పాత బంగళాని స్టూడియోగా మార్చుకున్నది హామర్ కంపెనీ. చేతిలో పెద్దగా డబ్బు లేదు. 1958 నాటి డ్రాక్యులాకి అయిన ఖర్చు సుమారు 80 వేల పౌండ్లు. బెర్నార్డ్ రాబిన్సన్ అనే కళాదర్శకుడు ఒక గది స్తంభాలు అటు మార్చి, తెరలు ఇటు మార్చి కోటంతా చూపించేవాడు. దర్శకుడు టెరెన్స్ ఫిషర్. జేమ్స్ బెర్నార్డ్ సంగీతంలో ముఖ్యమైన బాణీ డ్రా-క్యు-లా అని ఆ పేరులోని మూడు అక్షరాలనే పలుకుతుంది. వినండి, పేరు పిలిచినట్టే ఉంటుంది. అదీ పనితనం.

మెట్ల మీద నల్లటి ఆకారంగా కనబడతాడు లీ. ఇప్పుడేం చేస్తాడోనని హాలు ఊపిరి బిగబడుతుంది. చకచకా మెట్లు దిగి, వెలుగులోకొచ్చి, మర్యాదగా అతిథి పెట్టె తానే అందుకుంటాడు. ఆరడుగుల నాలుగంగుళాలు పైబడ్డ మనిషి, అందగాడు, గొంతు బరువైనది. ఇతను దయ్యమేమిటనుకుంటాం. తర్వాత కొంతసేపటికి ఒక తలుపు భళ్లున తెరుచుకుంటుంది. అదే మనిషి. నోరంతా నెత్తురు, కళ్లు ఎర్రగా. ఆ రెండు మొహాల మధ్య ఉన్న దూరమే భయం. మొదటి మొహం లేకపోతే రెండోదానికి బలం లేదు. ఇప్పటివాళ్లు మొదటి మొహాన్ని తీసేసి రెండోదాన్నే రెండు గంటలు చూపిస్తున్నారు.

82 నిమిషాల సినిమాలో లీ తెర మీద ఉండేది కొద్ది నిమిషాలే. మొదట్లో కోటలో అతిథి హార్కర్‌తో మాట్లాడిన మాటలే మాటలు, తర్వాత ఒక్క మాట లేదు. 1966లో వచ్చిన ప్రిన్స్ ఆఫ్ డార్క్‌నెస్‌లో అసలు నోరే విప్పడు, బుస కొట్టడం తప్ప. మాటలు నాసిగా ఉన్నాయని తానే పలకలేదని లీ చెప్పేవాడు. నేను రాయనేలేదని రచయిత జిమ్మీ సాంగ్‌స్టర్ అనేవాడు. ఎవరిది నిజమైనా లాభపడింది మాలాంటివాళ్లమే. ఇంగ్లీషు రాని మా హాలుకి ఆ సినిమా అక్షరం పొల్లుపోకుండా అర్థమైంది. మూగవాడైన డ్రాక్యులాకి ఏ భాష వాళ్లతోనూ పేచీ లేదు.

ఎదుట పీటర్ కుషింగ్. రక్తపిశాచుల్ని వేటాడే వాన్ హెల్సింగ్ వేషం. ఆయన చేతులు చూడండి, ఎప్పుడూ ఏదో ఒక వస్తువు పట్టుకుని పని చేస్తుంటాయి. నోటుబుక్కు తెరవడం, సంచిలో మేకు సర్దడం, శిలువ తీయడం, అన్నీ రోజూ చేసేవాడిలా చేస్తాడు. దయ్యాలున్నాయని ఆయన మనల్ని ఒప్పించక్కర్లేదు. ఆ సంచి సర్దుకునే పద్ధతి చూస్తేనే మనం ఒప్పేసుకుంటాం. చివర్లో బల్ల మీదుగా పరుగెత్తి కిటికీ తెరల మీదికి దూకి వాటిని లాగిపడేస్తాడు, ఎండ లోపలికి పడుతుంది. రెండు కొవ్వొత్తి స్తంభాలను అడ్డంగా పట్టి శిలువ చేసి లీని ఆ వెలుగులోకి తోస్తాడు. ఈ రెండు ఆలోచనలూ కుషింగ్ స్వయంగా చెప్పినవే. నలభై నాలుగేళ్ల నటుడు, ఈ సినిమా చిన్న కంపెనీది కదా అని తేలిగ్గా తీసుకోలేదు. షేక్‌స్పియర్ నాటకానికి పెట్టే శ్రద్ధే పెట్టాడు.

ఒకే నెలలో ఒక్కరోజు తేడాతో పుట్టినవాళ్లు ఇద్దరూ. కుషింగ్ 1913 మే 26, లీ 1922 మే 27. ఇరవైకి పైగా సినిమాల్లో కలిసి చేశారు. తెర మీద ఒకర్నొకరు చంపుకున్నారు, బయట ప్రాణస్నేహితులు. 1994లో కుషింగ్ పోయే కొద్ది నెలల ముందు కూడా హామర్ చరిత్ర మీద తీసిన డాక్యుమెంటరీకి ఇద్దరూ కలిసి వ్యాఖ్యానం చెప్పారు.

హామర్ తీసినవన్నీ గొప్పవని నేననను. 1972లో డ్రాక్యులాని తీసుకొచ్చి లండన్ కుర్రకారు పార్టీల మధ్య పడేసినప్పుడే నాకు మనసు విరిగింది. లీ కూడా ఆ కథల మీద బహిరంగంగానే విసుక్కునేవాడు. అయినా ఆయన తెర మీదికొచ్చాక ఆ విసుగు ఎక్కడా కనబడనివ్వలేదు. 1970 నాటి వాంపైర్ లవర్స్‌లో ఇంగ్రిడ్ పిట్ కూడా అంతే. స్టోకర్ కంటే ముందే, 1872లో ఐర్లండ్ రచయిత లె ఫాను రాసిన కార్మిల్లా కథ అది. పిట్ పసితనంలో నాజీల నిర్బంధ శిబిరం నుంచి ప్రాణాలతో బయటపడ్డ మనిషి. కార్మిల్లా కళ్లలో ఆకలితోపాటు దుఃఖం కూడా కనబడుతుంది.

ఇప్పటి సంగతికొద్దాం. 2008లో ట్విలైట్ వచ్చింది. అందులో ఎండ పడితే రక్తపిశాచి కాలిపోడు, ఒళ్లంతా తళతళా మెరుస్తాడు. కాలేజీ అమ్మాయిలు ఆ మెరుపుకి మురిసిపోయారు. ప్రేమకథ కావాలంటే తీసుకోండి, నాకభ్యంతరం లేదు. కానీ వందేళ్లుగా అందరూ కలిసి కూడబెట్టిన భయాన్ని నగల దుకాణంలో పెట్టేశారు. తర్వాత సీజన్ల మీద సీజన్లుగా సీరియళ్లు. రక్తపిశాచి కుటుంబ గొడవలు, రక్తపిశాచి చదువు, రక్తపిశాచి అలకలు. అంతసేపు ఇంట్లో కూర్చోబెడితే ఏ అతిథైనా చులకనైపోతాడు. లీ కొద్ది నిమిషాలే ఉండి వెళ్లిపోయేవాడు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించింది 2016లో జరిగింది. స్టార్ వార్స్ వరసలో రోగ్ వన్ అనే సినిమాలో, పోయి ఇరవై రెండేళ్లయిన కుషింగ్‌ని తెర మీదికి రప్పించారు. 1977లో ఆయన వేసిన టార్కిన్ పాత్ర అది. గై హెన్రీ అనే నటుడు నటించాడు, ఆయన మొహం మీద కంప్యూటర్‌తో కుషింగ్ మొహం తొడిగారు. కుషింగ్ వారసుల అనుమతి తీసుకునే చేశారు. కానీ చచ్చినవాణ్ణి చచ్చినట్టుండనివ్వాలని జీవితమంతా మేకూ సుత్తీ పట్టుకుని తిరిగిన పాత్రధారిని సమాధిలోంచి లేపారు. మొహం ఉంది. చేతులున్నాయి. ఆ చేతుల్లో కుషింగ్ పనితనం లేదు. పోయినవాళ్ల మొహంతో వ్యాపారం కొత్తదేమీ కాదు. లుగోసీ పోయాక ఆయన డ్రాక్యులా మొహాన్ని బొమ్మల మీదా చొక్కాల మీదా అమ్ముకున్నారని భార్యా కొడుకూ దావా వేస్తే, ఆ హక్కు ఆయనతోనే పోయిందని 1979లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తేల్చింది. తర్వాత ఆ రాష్ట్రం చట్టం మార్చింది. ఆ మొహం అచ్చేసిన బొమ్మల మీద డబ్బు చేసుకున్నవాళ్లున్నారు. లుగోసీ మాత్రం చివరి రోజుల్లో మార్ఫిన్ అలవాటు వదిలించుకోడానికి 1955లో తనంతట తానే ఆసుపత్రిలో చేరాడు. మరుసటేడు పోయాడు. డ్రాక్యులా కోటుతోనే పాతిపెట్టారు.

మా మనవడికి 1931 డ్రాక్యులా చూపించాను. “తాతయ్యా, ఆ గబ్బిలానికి దారం కనిపిస్తోంది” అన్నాడు. కనిపిస్తుంది, అబద్ధం ఎందుకు. ట్రాన్సిల్వేనియా కోటలో ఆర్మడిల్లోలు కూడా తిరుగుతుంటాయి. అమెరికా ఖండాల జంతువది, అక్కడికెలా వచ్చిందో ఎవరూ అడగలేదు. “దారం చూడకురా, ఆయన కళ్లు చూడు” అన్నాను. కాసేపటికి ఫోను పక్కన పెట్టాడు. చివరిదాకా మాట్లాడలేదు. ఆ వయసులో మేము హాల్లో ఎలా కూర్చున్నామో వాడూ అలాగే కూర్చున్నాడు. కనుక పిల్లల్లో లోపం లేదు, వాళ్ల ముందు పెట్టేదాంట్లోనే ఉంది.

ఈ కాలంలో ఎవరూ తీయలేరనీ నేననను. 1979లో హెర్జోగ్ తీసిన నోస్ఫెరాటులో క్లాస్ కిన్‌స్కీ ఒంటరితనం చూస్తే గుండె బరువెక్కుతుంది. 1992లో కొప్పోలా సినిమాలో గ్యారీ ఓల్డ్‌మన్ ప్రాణం పెట్టాడు. 2024లో రాబర్ట్ ఎగ్గర్స్ మళ్లీ నోస్ఫెరాటు తీశాడు. చీకటంటే ఏమిటో తెలిసిన దర్శకుడు, అందులోని రక్తపిశాచి ఆర్లోక్‌ని చాలాసేపు నీడలోనే ఉంచాడు. బాగా చేసినవాళ్లంతా పాతవాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నవాళ్లే.

1958 డ్రాక్యులా చివరి దృశ్యాన్ని అప్పట్లో సెన్సారు కోసం కత్తిరించారు. 2011లో టోక్యో ఫిల్మ్ భాండాగారంలో పాడైపోయిన జపాన్ ప్రింటు రీళ్లు కొన్ని దొరికాయి. అందులో లీ తన మొహాన్ని తానే గోళ్లతో చీల్చుకునే ముక్క ఉంది. దాన్ని శుభ్రం చేసి సినిమాలో మళ్లీ కలిపారు. మేం చూడని దృశ్యం అది. యూట్యూబులో చిన్న తెర మీద చూడమంటారు, చూడను. హైదరాబాదులోనూ విజయవాడలోనూ ఇన్ని తెరలున్నాయి, పాత తెలుగు సినిమాలను బాగుచేసి మళ్లీ విడుదల చేస్తే జనం వస్తున్నారు కూడా. ఒక్క ఆదివారం, ఉదయం ఆట, బాగుచేసిన ఆ ప్రతి. చప్పుడు పెంచకుండా, మధ్యలో దీపాలు వేయకుండా వేయండి. కుర్రాళ్లను నేను తీసుకొస్తాను.